జాకీ, ట్రాలీ, సాగర్ గేటు: ప్రెషర్ లెక్క

వడ్ల సీజన్ వచ్చిందంటే మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాలీలు బారులు తీరుతాయి. వంతు వచ్చిన ట్రాక్టర్ రివర్సులో వచ్చి ఆగుతుంది. డ్రైవర్ లివర్ లాగుతాడు. ఇంజన్ మోత కాస్త బరువెక్కుతుంది, నాలుగైదు టన్నుల వడ్లున్న ట్రాలీ ముందు వైపు నుంచి మెల్లగా పైకి లేస్తుంది. వంగి చూస్తే అడుగున ఆ బరువునంతా మోసేది ఒకే ఒక్క ఇనుప జాకీ. దానికి ఆయిల్ అందించే రబ్బరు పైపు లోపలి రంధ్రం చిటికెన వేలంత కూడా ఉండదు. అంత సన్నటి పైపు గుండా అంత బలం ఎలా వెళ్తుంది?

నిజానికి ఆ పైపు గుండా అంత బలం వెళ్లదు. వెళ్లేది ప్రెషర్. బలం పుట్టేది జాకీలోకి చేరాకే. ఈ తేడా పట్టుబడితే హైడ్రాలిక్స్‌లో, అంటే ద్రవాల ప్రెషర్‌తో పని చేయించే విద్యలో, సగం పని అయిపోయినట్టే. ప్రెషర్ అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద పడే బలం. ట్రాలీ జాకీ మొదటి గొట్టం వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఆయిల్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 150 కిలోలైతే జాకీ పైకి నెట్టే బలం 11,775 కిలోలు, అంటే పన్నెండు టన్నులకు కాస్త తక్కువ. అదే ఆయిల్, అదే 150 కిలోల ప్రెషర్, కానీ ఒక సెంటీమీటరు రంధ్రమున్న రబ్బరు పైపు అడ్డకోత మీద పడేది 118 కిలోలే. అందుకే వైరు అల్లిక ఉన్న సన్నటి పైపు తట్టుకుంటుంది, జాకీ గొట్టం మాత్రం మందపాటి ఉక్కుతో చేయాల్సి వస్తుంది.

ఇదే పాస్కల్ సూత్రం. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ప్రెషర్ పెంచితే అది తగ్గకుండా అన్ని వైపులకూ పాకుతుంది, తగిలిన ప్రతి గోడ మీదా లంబంగా నొక్కుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన బ్లెయిజ్ పాస్కల్ 1662లో చనిపోయాడు. ద్రవాల సమతుల్యత మీద ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది. రెండు మూతులున్న పాత్రలో ఒక మూతి రెండోదానికంటే వంద రెట్లు పెద్దదైతే, చిన్నదాన్ని ఒక్క మనిషి నొక్కినా పెద్దదాన్ని నొక్కే వంద మందికి సరిజోడు అవుతాడని అందులో ఉంది. బడి పాఠాలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. పాస్కల్ మాత్రం ఆగలేదు. చిన్న వైపు వంద అంగుళాలు కదిలితేనే పెద్ద వైపు ఒక్క అంగుళం కదులుతుందని వెంటనే చెప్పాడు. పిల్లలకు మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేయడం వల్లనే ‘ఆయిల్‌కే ఏదో శక్తి ఉంది’ అనే నమ్మకం పెద్దయ్యాక కూడా మిగిలిపోతుంది.

రెండో సగం కళ్ల ముందు కనపడేది లారీ జాకీలో. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట చుట్టుపక్కల ఏ పంక్చర్ షాపులో చూసినా సీసా ఆకారంలో ఉన్న జాకీ ఒకటి దుమ్ము పట్టి కనిపిస్తుంది. హ్యాండిల్ తగిలించి కొడితే లోపల ప్లంజర్ అనే సన్నటి కడ్డీ కిందికీ పైకీ ఆడుతుంది. పైకి వచ్చినప్పుడు చుట్టూ ఉన్న ఆయిల్‌ను లోపలికి పీలుస్తుంది. కిందికి దిగినప్పుడు ఆ ఆయిల్‌ను పెద్ద గొట్టం కిందికి నెడుతుంది. దారిలో రెండు చిన్న ఉక్కు గోళీలు వాల్వులుగా ఉంటాయి, పోయిన ఆయిల్ వెనక్కి రాకుండా అవే అడ్డుకుంటాయి. ఆ గోళీలు లేకపోతే హ్యాండిల్ ఎత్తిన ప్రతిసారీ లారీ ఎక్కడికక్కడే దిగిపోతుంది.

లెక్క వేద్దాం. ప్లంజర్ 12 మిల్లీమీటర్లు, పెద్ద గొట్టం 48 మిల్లీమీటర్లు. వ్యాసం నాలుగు రెట్లు, కాబట్టి వైశాల్యం పదహారు రెట్లు. లారీ యాక్సిల్ దగ్గర ఎత్తాల్సిన బరువు 5,000 కిలోలు. ప్లంజర్ మీద కావాల్సింది దానిలో పదహారో వంతు, 312 కిలోలు. హ్యాండిల్ పొడవు వల్ల మరో పదిహేను రెట్లు తగ్గుతుంది. చేతికి తగిలేది 21 కిలోలు. పదో తరగతి పిల్లాడు కూడా కొట్టగలడు. కానీ హ్యాండిల్ 45 సెంటీమీటర్లు దిగితే ప్లంజర్ 3 సెంటీమీటర్లే దిగుతుంది, లారీ లేచేది 2 మిల్లీమీటర్ల లోపే. జానెడులో సగం, అంటే పది సెంటీమీటర్లు లేపాలంటే యాభైకి పైగా దెబ్బలు కొట్టాలి. బలాన్నీ దూరాన్నీ గుణించి చూస్తే రెండు వైపులా ఒకటే అంకె వస్తుంది. ఘర్షణ, లీకేజీ పోను నిజం జాకీలో చెయ్యి పెట్టేదే కొంచెం ఎక్కువ. జాకీ ఇచ్చింది సౌకర్యం. పనిలో ఒక్క పైసా డిస్కౌంటు ఇవ్వలేదు.

ట్రాలీ జాకీలోనూ ఇదే లెక్క, అయితే అక్కడ చూడముచ్చటైన సంగతి ఇంకోటి ఉంది. ఆ జాకీ ఒకదానిలో ఒకటి ఇమిడే గొట్టాల వరస. ముందు లావుపాటిది బయటికి వస్తుంది, తర్వాత మధ్యది, చివర్న సన్నది. పంపు నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ ఇస్తోందనుకుంటే, 10 సెంటీమీటర్ల గొట్టం సెకనుకు 4 సెంటీమీటర్లు లేస్తుంది. 6 సెంటీమీటర్ల గొట్టం వంతు వచ్చేసరికి ఆ వేగం దాదాపు 12 సెంటీమీటర్లు. ట్రాలీ చివరి దశలో గబగబా లేచినట్టు కనిపించేది అందుకే, డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కినందుకు కాదు. వేగం మూడింతలైతే బలం మూడో వంతుకు పడిపోతుంది. అదే 150 కిలోల ప్రెషర్ దగ్గర ఆ సన్నటి గొట్టం మోయగలిగేది నాలుగు టన్నుల పైచిలుకు మాత్రమే. మామూలుగా ఇబ్బంది రాదు. అప్పటికి సగం వడ్లు జారిపోయి ఉంటాయి, ట్రాలీ ఏటవాలుగా ఉండటంతో వెనక మడతబందు మీద బరువు పడుతుంది. కానీ వానకు తడిసిన వడ్లు జారవు. బరువంతా పైనే ఉండిపోతుంది, జాకీ తన బలహీనమైన దశలో ఉంటుంది, ట్రాలీ ఎత్తుగా నిలబడి ఉంటుంది. ఒక టైరు మెత్తటి నేల మీదుంటే పక్కకు ఒరిగిపోవడానికి ఇంతకంటే అనువైన సమయం లేదు. ఆ స్థితిలో డ్రైవర్ ముందుకు కుదుపు ఇచ్చి విదిలించాలని చూడటం చాలా చోట్ల కనిపించే అలవాటు. చాలా చెడ్డ అలవాటు కూడా.

ఇదంతా నడవాలంటే ఆయిల్ నలగకూడదు. 200 కిలోల ప్రెషర్ దగ్గర కూడా హైడ్రాలిక్ ఆయిల్ ఘనపరిమాణం ఒక శాతం, మహా అయితే ఒకటిన్నర శాతం తగ్గుతుంది. గాలి అలా కాదు, అదే ప్రెషర్‌కు రెండు వందల వంతుకు కుంచించుకుపోతుంది. అందుకే ఆయిల్ తక్కువై పంపు గాలి పీల్చిన ట్రాక్టర్‌లో లివర్ లాగినా కాసేపు ఏమీ జరగదు, తర్వాత కల్టివేటర్ గునుస్తూ, ఎగురుతూ లేస్తుంది. పంపు చేసే పనంతా గాలి బుడగల్ని నొక్కడానికే ఖర్చవుతోందన్నమాట. కారు బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోవడం కూడా ఇదే జబ్బు. ఆయిల్ పోసి గాలి తీసేస్తే పోతుంది. పంపు మార్చాలనే మాట దాని తర్వాతే రావాలి.

పాస్కల్ పుస్తకం వచ్చిన వందేళ్లకు పైగా ఈ సూత్రంతో ఎవరూ పెద్ద యంత్రం చేయలేకపోయారు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు 1795లో పేటెంట్ తీసుకున్నాడు. అడ్డుపడింది సిద్ధాంతం కాదు, లీకేజీ. పిస్టన్ చుట్టూ గట్టిగా బిగిస్తే అది కదలదు, వదులుగా ఉంచితే నీళ్లు చిమ్ముతాయి. పరిష్కారం గిన్నె ఆకారపు తోలు వాషర్. దాని అంచు ప్రెషర్ వచ్చే వైపు తెరుచుకుని ఉంటుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ఆ ద్రవమే అంచును విప్పి గోడకేసి అదుముతుంది. ప్రెషర్ లేనప్పుడు వదులు, ఉన్నప్పుడు బిగువు. బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే దీన్ని కనిపెట్టాడని చెబుతారు. ఇవాళ జడ్చర్లలోనో నల్లగొండలోనో స్పేర్ పార్టుల షాపులో ‘సీల్ కిట్’ అని అడిగితే ఇచ్చే రబ్బరు, ప్లాస్టిక్ రింగుల్లో చాలావాటి అడ్డకోత ఇప్పటికీ అదే ఆకారం. దాన్ని తిరగేసి వేస్తే కొత్త సీల్ కూడా మొదటి రోజే కారుతుంది. ప్రెషర్ అంచు వెనక నుంచి వచ్చి దాన్ని మడిచేస్తుంది మరి.

సీల్ ఎంత మంచిదైనా కొంచెమైనా జారుతుంది. లేపి వదిలేసిన లారీ గంటకో పిసరు దిగుతూనే ఉంటుంది. కాబట్టి జాకీ ఎత్తడానికే, మోసి ఉంచడానికి కాదు. లేపాక యాక్సిల్ కింద స్టాండో, అడ్డంగా పేర్చిన మందపాటి చెక్క దిమ్మలో పెట్టకుండా కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం. రాళ్ల దేశం కనుక మన దగ్గర బండరాళ్లు పెట్టేస్తుంటారు. గ్రానైట్ గట్టిదే, కానీ ఒకే కొన మీద బరువు పడితే పగిలేటప్పుడు చెప్పి పగలదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియనిది. రబ్బరు పైపుకు సూదిమొనంత రంధ్రం పడితే ఆయిల్ సన్నటి పొగలా వస్తుంది. ఎక్కడ కారుతోందో చూద్దామని చేత్తో తడిమితే 150 కిలోల ప్రెషర్‌తో వచ్చే ఆ ధార చర్మాన్ని గుచ్చుకుని లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్క, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చిపోవడం మొదలవుతుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. లీకేజీ వెతకాలంటే అట్టముక్క వాడాలి, ఇంజన్ ఆపి లివర్ వదిలాకే పైపు ముట్టుకోవాలి.

లివర్ చివరిదాకా లాగి అలాగే పట్టుకుంటే ‘స్‌స్’ మని చప్పుడు వస్తుంది. అది ప్రెషర్ హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ వెనక్కి పోతున్న శబ్దం. నిమిషానికి 20 లీటర్లు 180 కిలోల ప్రెషర్‌తో ఊరికే తిరుగుతుంటే ఆరు కిలోవాట్లు, ఎనిమిది హెచ్‌పీ మోటారు పనంత, పూర్తిగా వేడిగా మారుతుంది. ఆయిల్ కాగితే పలచనవుతుంది, పలచనైతే సీళ్ల పక్క నుంచి ఎక్కువ జారుతుంది. మధ్యాహ్నానికి ట్రాక్టర్ లిఫ్ట్ నీరసపడిందని చెప్పే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే మొదలవుతాయి.

ఇప్పటిదాకా చెప్పిన ప్రెషర్ పంపు పుట్టించింది. ద్రవం తన సొంత బరువుతో కూడా ప్రెషర్ పుట్టిస్తుంది. జాకీలో అది లెక్కలోకి రాదు. జానెడు ఆయిల్ అడుగున పుట్టే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 20 గ్రాముల లోపే. లోతు పెరిగితే కథ మారుతుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక కిలో చొప్పున పెరుగుతుంది. 600 అడుగుల లోతున మోటారు దించిన బోరులో, పైపు నిండా నీళ్లుంటే అడుగు జాయింటు దగ్గర 18 కిలోలు. పైపు బయట బోరులో ఉన్న నీరు కూడా తన వంతు నెడుతుంది కాబట్టి ఆ మట్టం దాకా కొంత ఊరట. ఎండాకాలం నీటిమట్టం అడుగంటినప్పుడు ఆ ఊరట కూడా పోతుంది. పైపులు కొనేటప్పుడు వాటి మీద రాసి ఉన్న ప్రెషర్ అంకె చూడకుండా ధర మాత్రమే చూసేవాళ్లు మోటారుతో సహా బోరులో పోగొట్టుకునేది ఇలాంటప్పుడే.

ఇక్కడ చాలామందికి మింగుడుపడని సంగతి ఒకటుంది. ప్రెషర్ లోతును బట్టే ఉంటుంది, నీళ్ల మొత్తాన్ని బట్టి కాదు. ఆరంగుళాల బోరులో 100 మీటర్ల నీటి కింద ఎంత ప్రెషరో, నాగార్జునసాగర్‌లో 100 మీటర్ల కింద కూడా అంతే. సాగర్ జలాశయం నిండితే సుమారు 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఆ నీళ్లన్నీ వచ్చి ఆనకట్ట మీద పడుతున్నాయన్నది ఊహ మాత్రమే. వెనక నీరు శ్రీశైలం దాకా ఉందా, అర కిలోమీటరే ఉందా అన్నది గోడకు పట్టదు. గోడ దగ్గర ఎంత లోతుందన్నదే పడుతుంది. అయితే లోతు రెట్టింపైతే గోడ మీద మొత్తం బలం నాలుగింతలవుతుంది, ప్రెషరూ పెరుగుతుంది, నొక్కే వైశాల్యమూ పెరుగుతుంది కనుక. 50 మీటర్ల లోతుకు గోడ పొడవులో ప్రతి మీటరు మీదా 1,250 టన్నులు. 100 మీటర్లకు 5,000 టన్నులు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి కట్టడం పైన సన్నగా, అడుగున అంత మందంగా ఉండటానికి కారణం ఇదే. మిల్లు ముందు నిలబడ్డ ట్రాలీల్లోని వడ్లలో చాలా భాగం ఆ గోడ ఆపిన నీళ్లు ఎడమ కాలువలో పారి పండినవే.

సాగర్ గేట్లు ఎత్తినప్పుడు జనం తండోపతండాలుగా వస్తారు. చూడాల్సింది నురగొక్కటే కాదు, గేటు ఆకారం కూడా. మొత్తం 26 గేట్లు. ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. జలాశయం 590 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఒక్క గేటు మీద నీరు నెట్టే బలం సుమారు 1,230 టన్నులు. అంత బలానికి ఎదురు నిలిచి గేటు లేపాలంటే ఎలాంటి యంత్రం కావాలి? అవసరం లేకుండా చేసింది గేటు వంపు. నీటి ప్రెషర్ ఎప్పుడూ తలానికి లంబంగానే నెడుతుంది. తలం వృత్తంలో ఒక ముక్క అయితే, ఎక్కడ నెట్టినా ఆ బలం వృత్త కేంద్రం వైపే పోతుంది, ఎడ్లబండి చక్రంలో ఆకులన్నీ కుండలోకి చేరినట్టు. గేటు తిరిగే ఇరుసును సరిగ్గా ఆ కేంద్రంలో పెడతారు. 1,230 టన్నులూ ఇరుసు మీదుగా కాంక్రీటు స్తంభాల్లోకి దిగిపోతాయి. గేటును తిప్పడానికి గానీ ఆపడానికి గానీ నీరు ఏమీ చేయలేదు. లేపే మోటారు మోయాల్సింది గేటు సొంత బరువు, ఇరుసు దగ్గరా అంచుల రబ్బరు దగ్గరా ఉండే ఘర్షణ, అంతే.

బల్లపరుపు గేటుకు ఈ సదుపాయం లేదు. నీరు దాన్ని గాడిలోకి అదిమిపెడుతుంది. లేపాలంటే ఆ అదుముడు వల్ల పుట్టే ఘర్షణను కూడా గొలుసులే లాగాలి. అలంపూర్ వైపు రాజోలిబండ కాలువకు నీళ్లిచ్చే తుంగభద్ర మీద, పైన హోస్పేట దగ్గరి డ్యామ్‌లో ఉన్నవి అలాంటి గేట్లే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న గేటు నిండుగా ఉన్నప్పుడు దాని మీద పడే బలం 340 టన్నుల దాకా ఉంటుంది. సాగర్ గేటుతో పోలిస్తే నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. కానీ అది ఇరుసులోకి పోదు, గాడిలో రాపిడిగా మిగులుతుంది.

ఇక పాలమూరులో ‘లిఫ్ట్’ అంటే ఎత్తిపోతలే. అక్కడ పాస్కల్ చేసే సాయం ఏమీ లేదు. చిన్న పిస్టన్, పెద్ద పిస్టన్ చిట్కాతో బలాన్ని పెంచుకోవచ్చు గానీ, నీళ్లను ఎత్తు ఎక్కించడానికి కావాల్సింది పని. పనిలో డిస్కౌంటు లేదని జాకీ దగ్గరే తేలిపోయింది. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 100 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 77 లక్షల యూనిట్లు కావాలి. పంపు, మోటారు నష్టాలు కలిపితే 90 లక్షలు దాటుతుంది. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఒక్క టీఎంసీకి ఐదున్నర కోట్లు. నార్లాపూర్‌లో పాలమూరు–రంగారెడ్డి కోసం పెట్టిన 145 మెగావాట్ల మోటారు ఒక్కటే నడిస్తే ఈ పనికి రెండున్నర రోజులు పడుతుంది. శ్రీశైలం నుంచి నల్లగొండ వైపు దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలని దశాబ్దాలుగా పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ అంకెలే. వాలుగా వచ్చే నీళ్లకు కరెంటు బిల్లు రాదు.

మరి కల్వకుర్తి ఎత్తిపోతలను ఎల్లూరు దగ్గర మొదలుపెట్టి మూడు అంచెలుగా ఎందుకు కట్టారు? అంచెలు పెడితే కరెంటు మిగులుతుందని కొందరు అనుకుంటారు. మిగలదు, ఎత్తు మొత్తం అదే కదా. తగ్గేది పైపు మీద ప్రెషర్. 300 మీటర్లు ఒకే ఊపున ఎక్కిస్తే అడుగు పైపు 30 కిలోల ప్రెషర్‌ను మోయాలి. వంద మీటర్ల చొప్పున మూడు సార్లు ఎక్కిస్తే ఒక్కోచోట 10 కిలోలు. మధ్యలో జలాశయాలు కూడా కలిసొస్తాయి. దీనికి తోడు కరెంటు ట్రిప్ అయినప్పటి సంగతి ఉంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో పైపులో పోతున్న నీటిని ఒక్కసారిగా ఆపితే, ఉక్కు పైపులో 20 కిలోల ప్రెషర్ అదనంగా పుట్టుకొస్తుంది. చేను దగ్గర కరెంటు పోగానే బోరు పైపు దడేల్‌మని కొట్టుకునేది ఆ దెబ్బకే. ఎత్తిపోతల పైపు అడ్డకోత మనిషి నిలబడగలిగినంత ఉంటుంది. అందుకే పంపు ఆగినా నీరు మెల్లగా ఆగేలా వాల్వులు నెమ్మదిగా మూసుకునేటట్టు పెడతారు, పొంగిన నీరు కాసేపు పైకి లేచి సర్దుకోవడానికి సొరంగం చివర సర్జ్ పూల్ కడతారు.